వేసవి ప్రయాణానికి ముందు చిత్రకారులు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

టికెట్లు బుక్ అయిన రోజు నుంచే బొమ్మలు వేసేవాళ్ల మనసు రెండుగా చీలిపోతుంది. ఒక పక్క ‘ఈ పది రోజులూ కుంచె ముట్టను, హాయిగా నిద్రపోతాను’ అనిపిస్తుంది. ఇంకో పక్క చేతులు అప్పుడే బ్యాగులో రంగుల పెట్టెకి చోటు వెతుకుతుంటాయి. రెండు కోరికలూ నిజమైనవే. ఏదీ తేల్చుకోకుండా బయల్దేరితేనే ఇబ్బంది. బొమ్మ వేస్తున్నంతసేపూ అందరితో తిరగలేదన్న బెంగ, తిరుగుతున్నంతసేపూ బొమ్మ వేయలేదన్న బెంగ. చివరికి పనీ జరగదు, అలసటా తీరదు.

అందుకే సామాను సర్దడానికి ముందే క్యాలెండర్ దగ్గర కూర్చోండి. ఏ రోజులు బొమ్మలకి, ఏ రోజులు ఖాళీగా ఉండటానికి అన్నది రాసి పెట్టుకోండి. నన్నడిగితే మొదటి రెండు మూడు రోజులు పూర్తిగా ఖాళీగా ఉంచడం మంచిది. నెలల తరబడి పని చేసిన చేయి, మణికట్టు, బొటనవేలి మొదలు ఆ రోజుల్లోనే కాస్త తేరుకుంటాయి. నొప్పి ఉన్న చేత్తో కొత్త చోట ఉత్సాహంగా గంటల కొద్దీ గీస్తే ఆ నొప్పి ముదురుతుంది. మీతో వచ్చేవాళ్లకి కూడా ముందే చెప్పండి: ‘పొద్దున రెండు గంటలు నావి, ఆ తర్వాత మీతోనే ఉంటాను’ అని. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే సగం ప్రయాణాల్లో అలకలు వస్తాయి.

ఆర్డర్ల విషయంలో మొహమాటపడకండి. ‘వెళ్లేలోపు ఇచ్చేస్తాను’ అని ఆయిల్ పెయింటింగ్‌కి మాట ఇవ్వడం చాలా ప్రమాదం. వేలికి అంటకపోవడం వేరు, లోపలిదాకా ఆరడం వేరు. మందంగా వేసిన రంగు లోపల ఆరడానికి నెలలు పడుతుంది. తొందరపడి చుట్టి పంపితే ప్యాకింగ్ కాగితం అచ్చు బొమ్మ మీద పడుతుంది. తిరిగొచ్చాక ఒక తేదీ చెప్పండి. ఆ తేదీ కూడా ఇంటికి చేరిన మర్నాడు కాకుండా చూసుకోండి.

ఇక స్టూడియోకి తాళం వేసే ముందు సంగతి. అన్నింటికంటే ముఖ్యమైనది నూనె గుడ్డలు. ఆయిల్ రంగులు నీళ్లలా ఆవిరై ఆరవు. వాటిలోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కాన్వాస్ మీద ఉన్నది పల్చటి పొర కాబట్టి ఆ వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది. అదే నూనెతో తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వేడి బయటికి పోదు. లోలోపల పెరిగి పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది.

ఒకసారి నేను బ్యాగు భుజాన వేసుకుని, పోతూ పోతూ పడేద్దామని స్టూడియోలోని చెత్త కవర్ ఎత్తాను. అడుగున చేయి పెడితే వెచ్చగా తగిలింది. ఎండ పడిందేమో అనుకున్నాను, కానీ ఆ మూలకి ఎండ రాదు. విప్పి చూస్తే పైన గుడ్డలు మామూలుగానే ఉన్నాయి. మధ్యలో ఉన్నది మాత్రం అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా కాలుతోంది. ఇంకో పది నిమిషాలు ముందు తాళం వేసి వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అప్పటి నుంచి మూత ఉన్న లోహపు డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డలన్నీ అందులో పూర్తిగా మునిగేలా పెడుతున్నాను. వీలుంటే బయట, మండే వస్తువులకు దూరంగా, ఒక్కో గుడ్డనీ విడివిడిగా పరిచి గట్టిగా బిరుసెక్కే దాకా ఆరనివ్వొచ్చు. ఏది చేసినా ప్రయాణం రోజు కాదు, రెండు రోజుల ముందే ఆ పని ముగించండి.

ఆయిల్ రంగుల్ని పల్చన చేసే టర్పెంటైన్ విషయమూ అంతే. దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర నుంచే దాని ఆవిరి నిప్పు రవ్వకి అంటుకోగలదు. మూసి ఉంచిన గది వేసవిలో ఆ వేడిని సులువుగా దాటుతుంది. మూత బిగించి, చల్లటి చోట, తక్కువ మోతాదులో మాత్రమే ఉంచండి.

నీళ్లతో కలిపి వేసే అక్రిలిక్ రంగుల బొమ్మలకి ఇంకో బాధ ఉంది. ఆరిపోయిన అక్రిలిక్ కూడా వేడికి మెత్తబడుతుంది. రెండు కాన్వాసుల్ని ఎదురెదురుగా ఆనించి వెళ్తే, వచ్చేసరికి అతుక్కుపోయి ఉంటాయి. విడదీస్తే ఒకదాని రంగు ఇంకోదానితో ఊడొస్తుంది. ప్లాస్టిక్ కవర్ చుట్టినా అదే పరిస్థితి. మధ్యలో ఖాళీ ఉండేలా మూలల్లో అట్టముక్కలు పెట్టి నిలబెట్టండి. కుంచెల్ని కడిగి, బాగా ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. జంతువుల వెంట్రుకలతో చేసిన కుంచెల్ని చిమ్మెట పురుగులు తినేస్తాయి.

విమానంలో వెళ్తుంటే టర్పెంటైన్, దానిలాగే రంగు పల్చన చేసే వైట్ స్పిరిట్, గీసిన బొమ్మ చెరగకుండా కొట్టే ఫిక్సెటివ్ స్ప్రే ఏ బ్యాగులోనూ పెట్టకండి. అవి మండే పదార్థాలు కాబట్టి చెకిన్ బ్యాగులోనైనా అనుమతి ఉండదు. మామూలు ఆయిల్ రంగుల ట్యూబులు ఆ కోవలోకి రావు. అయినా తనిఖీలో అడిగితే చూపించడానికి ఆ రంగు మండేదో కాదో తెలిపే, తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ ప్రింట్ తీసి వెంట ఉంచుకోండి. బ్లేడు, రంగులు కలిపే ప్యాలెట్ నైఫ్ చెకిన్‌లోకే. నిజం చెప్పాలంటే వేసవి ప్రయాణానికి చిన్న వాటర్ కలర్ పెట్టె, ఒక స్కెచ్‌బుక్, రెండు కుంచెలు చాలు. సామాను తక్కువుంటే బొమ్మ వేయాలన్న ఒత్తిడి కూడా తక్కువుంటుంది. కారులో వెళ్లేవాళ్లు రంగుల్ని ఎండలో ఆపిన బండిలో వదలొద్దు. గంట తిరక్కుండానే లోపలి వేడి బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువ కావచ్చు.

బయట కూర్చుని గీసేటప్పుడు రెండు గంటల హద్దు పెట్టుకోండి. ఆకాశంలో సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలు గడిస్తే మీరు మొదలుపెట్టిన నీడ అక్కడ ఉండదు. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1890-91లో గడ్డివాముల బొమ్మలు వేసేటప్పుడు వెలుగు మారినప్పుడల్లా కాన్వాస్ మార్చేవాడు. మన దగ్గర ఉన్నది ఒకటే కాగితం కాబట్టి లేచి రావడమే దారి. నడి ఎండ మొదలయ్యేలోపు ముగిసేలా పొద్దున్నే కూర్చుంటే ఒంటికీ మంచిది. తెల్ల కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. కళ్లు జిగేల్‌మని, తెలియకుండానే రంగు ముదురుగా వేస్తాం. గదిలోకి తెచ్చి చూస్తే బొమ్మంతా చీకటి. రంగు కళ్లద్దాలు పెట్టుకుంటే రంగులే మారి కనిపిస్తాయి, వాటికి బదులు వెడల్పు అంచు టోపీ పెట్టుకోండి.

పనిలో మునిగితే దాహం తెలియదు. ఫోన్‌లో ఇరవై నిమిషాలకోసారి అలారం పెట్టుకుని నీళ్లు తాగండి. తాగే సీసా, కుంచె ముంచే సీసా చూడగానే తేడా తెలిసేలా ఉండాలి. కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాలున్న రంగులు కడుపులోకి వెళ్లకూడదు, కుంచె మొన సరిచేయడానికి నోట్లో పెట్టుకునే అలవాటుంటే మానేయండి. తలనొప్పి, కళ్లు తిరగడం, కండరాలు పట్టేయడం మొదలైతే బొమ్మ ఎక్కడుంటే అక్కడ వదిలి నీడలోకి వెళ్లాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. వెంటనే చల్లటి నీళ్లతో ఒళ్లు తడుపుతూ అంబులెన్స్ పిలవాలి.

ఖాళీ అని రాసుకున్న రోజున స్కెచ్‌బుక్ గదిలోనే ఉండనివ్వండి. ‘ఊరికే ఒక్కటి’ అని తీశామా, ఆ రోజు పోయినట్టే.

చివరి పని ఒకటుంది. సగంలో ఆగిన బొమ్మ ఈజిల్ మీద ఉంటే, ఏ రంగులో ఏది ఎంత కలిపారో ఒక చీటీ మీద రాసి, పక్కనే ఆ రంగుల మచ్చలు పెట్టి కాన్వాస్ వెనక అంటించండి. ఈ రోజు ‘ఎలా మర్చిపోతాను’ అనిపిస్తుంది. పది రోజుల తర్వాత ఆ ఆకుపచ్చ ఎలా వచ్చిందో గుర్తుండదు.