మట్టి జెర్రిని తెగకుండా పట్టడం, కాళ్లు సరిగ్గా లెక్కపెట్టడం

తోటమట్టి తవ్వితే సన్నగా, దారప్పోగులా మెలికలు తిరుగుతూ కనిపించేది పెద్ద జెర్రి పిల్ల కాదు. అదే మట్టి జెర్రి, జెర్రుల్లో జియోఫిలోమార్ఫా అనే వేరే వర్గం. కళ్లుండవు. ఈ వర్గంలో భారతదేశంలో ఉండే మెసిస్టోసెఫాలస్ ప్రజాతికి ఒళ్లు లేతపసుపు, తల ఎర్రటి గోధుమరంగు. తల వెడల్పుకన్నా పొడవే ఎక్కువ.

తొలకరి పడ్డాక వెతకండి. ఎండాకాలంలో తడి కోసం లోతుకు పోతాయి. చెట్టు నీడలో ఆకులు కుళ్లినచోట 25 సెంటీమీటర్ల చదరం గీసి, 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి తెల్ల ట్రేలో కొంచెంకొంచెంగా విప్పండి. చేతికి గ్లవ్స్ ఉండాలి. మట్టి జెర్రి తల కింద ఉండే విషపు కొండీలు సాధారణంగా మన చర్మంలో దిగవు కానీ, అదే మట్టిలో పెద్ద జెర్రి ఉండొచ్చు. ఫోర్సెప్స్‌తో నొక్కితే కాళ్లూడతాయి, ఒళ్లు తెగుతుంది, ఇక లెక్క పోయినట్టే. తడి బ్రష్‌తో ఎత్తండి. గుడ్లను చుట్టుకుని ఉన్న తల్లి కనిపిస్తే మట్టి కప్పేయండి. కదిలిస్తే గుడ్లను తనే తినేయొచ్చు.

కంటికి ఆనని వాటికి గరాటు పద్ధతి. రెండు లీటర్ల సీసా పైభాగం కోసి తలకిందులుగా నిలిపి, 4–5 మిల్లీమీటర్ల కన్నాల జాలీ అమర్చండి. దానిమీద 5 సెంటీమీటర్ల మందాన మట్టి, కింద 70 శాతం ఆల్కహాల్. 20 సెంటీమీటర్ల పైన 40 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు నాలుగైదు రోజులు వెలగాలి. మట్టి పైనుంచి ఆరుతుంటే జెర్రులు తడి కోసం కిందికి దిగి ఆల్కహాల్‌లో పడతాయి. ఎల్ఈడీ పెడితే పని జరగదు, మట్టిని ఆరబెట్టేంత వేడి దానికి లేదు. బల్బు మరీ దగ్గరైతే మట్టి గబగబా ఎండిపోయి జెర్రులు లోపలే చస్తాయి.

ఇక లెక్క. చనిపోయినదాన్ని ఒక చుక్క ఆల్కహాల్‌తో రెండు గాజు స్లైడ్ల మధ్య చాపి, ఫోటో తీసి, ఒకవైపు కాళ్లకే పదేసికి ఒక చుక్క పెట్టండి. తల కింది విషపు కొండీలు లెక్కలోకి రావు. మీసాల్లా వెనక్కి చాచి ఉండే చివరి జత వస్తుంది. ఈ వర్గంలో ఎదిగినవాటికి ఎప్పుడూ బేసి జతలే, 27 నుంచి 191 దాకా. సరి సంఖ్య వచ్చిందంటే కొండీలను కలిపారో, చివరి జతను వదిలేశారో. రెండు తప్పులూ ఒకేసారి చేస్తే మాత్రం బేసే వచ్చి మోసపోతారు, అందుకే రెండు కొసలూ విడిగా చూసుకోవాలి. మెసిస్టోసెఫాలస్ జాతుల్లో చాలావాటికి 49 జతలు. పెద్ద జెర్రికి సాధారణంగా 21 జతలే.

ఊరు, తేదీ, లోతు పెన్సిల్‌తో చీటీ మీద రాసి, జెర్రిని దాచిన ఆల్కహాల్ సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.