ప్రవేశ పరీక్ష స్కోరు కార్డు చదవడం – మూడవ పాఠం: పర్సంటైల్

మొదటి రెండు పాఠాల్లో బీఎస్సీ నర్సింగ్ ప్రవేశ పరీక్షలో మార్కులు ఏ సబ్జెక్టుకు ఎన్నో చూశాం. భారత నర్సింగ్ మండలి 2020 నాటి నిబంధనల ప్రకారం ఈ పరీక్షలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, ఇంగ్లీషు, నర్సింగ్ పట్ల అభిరుచి అనే ఐదు భాగాలుంటాయి. ఒక్కొక్కదానికి 20 చొప్పున మొత్తం 100 మార్కులు. మహారాష్ట్రలో సీఈటీ సెల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రవేశ పరీక్షల విభాగం) నిర్వహించే నర్సింగ్ సీఈటీ, అంటే నర్సింగ్ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ఈ పాఠంలో స్కోరు కార్డు మీద కనిపించే ఒకే ఒక్క మాటను, అంటే పర్సంటైల్‌ను, తీసుకుందాం. ఆ ఒక్క మాట దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడుతున్నారు.

తడబాటుకు కారణం మన సరిహద్దు మాటల్లోనే ఉంది. తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ, అంకీసా వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీలో చదువుకుంటారు కాబట్టి, మార్కుల సంగతి వచ్చేసరికి పెద్దలు కూడా "బారావీలో ఎన్ని టక్కేలు?" అనే అడుగుతారు. బారావీ అంటే పన్నెండో తరగతి, టక్కే అంటే శాతం. (మార్కులను మరాఠీలో "గుణ్" అంటారు కాబట్టి, గుణపత్రిక చేతిలో పెడితే కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు అది నడవడికకు ఇచ్చిన ధ్రువపత్రం అనుకోవడం నేను చూశాను.) పర్సంటైల్ అనే మాట చెవికి శాతంలాగే వినిపిస్తుంది, అంకె కూడా వందలోపే ఉంటుంది కాబట్టి, అదీ టక్కేయే అనుకుంటారు. ఒక తండ్రి కూతురి స్కోరు కార్డు మడిచి జేబులో పెట్టుకొని వచ్చి, "బారావీలో డెబ్బై రెండు టక్కేలు తెచ్చుకున్న పిల్లకు ఇందులో యాభై ఐదేనా సార్? ఇక నర్సింగ్ వద్దులెండి, బీఏలో చేర్పిస్తాను" అన్నారు. ఆ యాభై ఐదు ఆమె తెచ్చుకున్న మార్కులు కావు. వరుసలో ఆమె ఎక్కడ నిలబడిందో చెప్పే అంకె అది.

శాతం నువ్వు ఎంత రాశావో చెబుతుంది. వందకు 38 వస్తే 38 శాతం, పక్కవాళ్లకు ఎన్ని వచ్చినా అది మారదు. పర్సంటైల్ మాత్రం, పరీక్ష రాసినవారిలో నీ మార్కులూ నీకంటే తక్కువ మార్కులూ వచ్చినవారు కలిసి నూటికి ఎంతమందో చెబుతుంది. కట్టే పద్ధతి సులువు: నీకు వచ్చినన్ని లేదా అంతకంటే తక్కువ మార్కులు వచ్చినవారిని (నిన్ను కూడా కలిపి) లెక్కపెట్టి, పరీక్షకు హాజరైన మొత్తం మందితో భాగించి, వందతో హెచ్చించాలి.

చేత్తో కట్టి చూస్తేనే ఇది మనసుకు పడుతుంది. ఇరవైమంది కూర్చునే ఒక ట్యూషన్ గదిలో మాక్ టెస్టు పెట్టామనుకుందాం. మార్కులు తక్కువ నుంచి ఎక్కువకు ఇలా వచ్చాయి: 24, 27, 29, 31, 31, 33, 34, 36, 36, 36, 38, 39, 41, 42, 45, 48, 52, 57, 63, 71. నోటుపుస్తకంలో వీటిని ఒకే వరుసలో రాసుకుని, కింద పెన్సిలుతో 1 నుంచి 20 వరకు అంకెలు వేయండి. 38 మార్కుల కింద 11 పడుతుంది. పదకొండును ఇరవైతో భాగించి వందతో హెచ్చిస్తే 55 వస్తుంది. అంటే 38 శాతం మార్కులు తెచ్చుకున్న అమ్మాయి 55వ పర్సంటైల్‌లో ఉంది, ఆమెకంటే ముందున్నవారు తొమ్మిదిమంది. 71 తెచ్చుకున్న అమ్మాయికి 100 పర్సంటైల్. ఆమె వందకు వంద రాయలేదు, ఆమెను దాటినవారు లేరు, అంతే. పేపరు ఎంత కష్టంగా వచ్చినా అందరికంటే పైనున్న వ్యక్తికి 100 తప్పదు. 36 తెచ్చుకున్న ముగ్గురికీ పదిమంది లెక్కకు వస్తారు కాబట్టి ముగ్గురిదీ 50. ఆ ముగ్గురిలో ముందెవరో తేల్చే నియమం సమాచార పుస్తికలో వేరుగా రాసి ఉంటుంది, పర్సంటైల్‌కు ఆ సంగతి పట్టదు.

ఈ వరుసను ఇంకాసేపు చూడండి, ఎందుకంటే చదువుకునే వ్యూహానికి పనికొచ్చే విషయం ఇందులోనే ఉంది. 34 మార్కులకు పర్సంటైల్ 35, 36 మార్కులకు 50. రెండే మార్కులకు పదిహేను మెట్లు పెరిగాయి. పైన చూస్తే 63 మార్కులకు 95, 71 మార్కులకు 100, అంటే ఎనిమిది మార్కులకు పెరిగినవి ఐదు మెట్లే. జనం గుమిగూడిన చోట, సాధారణంగా వరుస మధ్యలో, ఒక్క మార్కు ఎందరినో దాటిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ మనుషులు పలచబడతారు కాబట్టి అదే మార్కుకు పర్సంటైల్ కొద్దిగానే కదులుతుంది. నర్సింగ్ సీఈటీలో తప్పు జవాబుకు మార్కు కోత లేదని గుర్తుంటే, తెలియని ప్రశ్నను ఖాళీగా వదిలి రావడం మధ్యవరుసలోని పిల్లలకు ఎంత నష్టమో అర్థమవుతుంది. నా విద్యార్థుల్లో చాలామంది ఎనిమిది, పది ప్రశ్నలు వదిలేసి వచ్చి, "తప్పు రాయడం ఎందుకని" అంటారు. ఆ జంకు నీట్‌లో, ఎయిమ్స్ నర్సింగ్ పరీక్షలో అర్థం ఉన్నదే, అక్కడ తప్పుకు మార్కులు తీసేస్తారు. ఇక్కడ దానికి అర్థం లేదు.

ఇరవైమందిలో ఒక్కొక్కరు ఐదు పర్సంటైల్‌కు సమానం కాబట్టి మన పట్టికలో అంకెలు గంతులు వేశాయి. వేలమంది రాసే పరీక్షలో ఆ మెట్లు చాలా చిన్నవి. జేఈఈ మెయిన్, ఎంహెచ్‌టీ సీఈటీ (మహారాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) వంటి పరీక్షల్లో పర్సంటైల్‌ను దశాంశ బిందువు తరువాత ఏడు స్థానాల వరకు అచ్చువేయడానికి కారణం అదే.

అభ్యర్థులు ఎక్కువై పరీక్షను ఒకటికి మించిన షిఫ్టుల్లో పెట్టినప్పుడు పర్సంటైల్ అసలు ప్రయోజనం బయటపడుతుంది. ఉదయం పేపరు కఠినంగా, మధ్యాహ్నం పేపరు సులువుగా వచ్చిందనుకోండి. ఉదయం 46 తెచ్చుకున్న విద్యార్థి తన షిఫ్టులో 80వ పర్సంటైల్‌లో, మధ్యాహ్నం 52 తెచ్చుకున్న విద్యార్థి తన షిఫ్టులో 76వ పర్సంటైల్‌లో ఉంటే, ఉమ్మడి జాబితాలో మొదటి విద్యార్థే ముందు. ఆరు మార్కులు ఎక్కువ వచ్చిన పిల్ల వెనకబడిందేమిటని ఇళ్లలో గొడవ పడవలసిన పని లేదు, ఎవరినైనా వారి షిఫ్టులోని మిగతావారితోనే పోల్చారు.

అర్హత గీత కూడా పర్సంటైల్‌లోనే ఉంటుంది. భారత నర్సింగ్ మండలి నిబంధనల్లో సాధారణ వర్గానికి 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలకు 40వ పర్సంటైల్ అని ఉంది. మన పట్టికలో 50 దగ్గర ఉన్నవి 36 మార్కులు. 40 కోసం వెతికితే 34 మార్కుల వద్ద 35 మాత్రమే ఉంది, ఆ తరువాతి మెట్టు ఒక్కసారిగా 50. అంటే చిన్న పట్టికలో రెండు గీతలూ 36 దగ్గరే పడ్డాయి, పెద్ద పరీక్షలో అవి విడిగా కనిపిస్తాయి. గీత దాటితే దరఖాస్తు చేసుకునే హక్కు వచ్చినట్టే, సీటు వచ్చినట్టు కాదు. ఓబీసీ గీత మీద ఆధారపడేవారు నాన్ క్రీమీలేయర్ (కుటుంబం సంపన్న శ్రేణిలో లేదని చెప్పేది), కాస్ట్ వ్యాలిడిటీ (కులాన్ని పరిశీలించి నిర్ధారించేది) కాగితాలు చేతిలో ఉన్నాకే ఆ గీతను తమదిగా లెక్కపెట్టుకోవాలి. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న సిరోంచ నుంచి వాటి కోసం తిరగడం ఫలితాల తరువాత మొదలుపెడితే గడువు అందదు.

సీటు సంగతి అంచనా కట్టాలంటే పర్సంటైల్‌ను మనుషుల లెక్కలోకి మార్చుకోవాలి. వందలోంచి మీ పర్సంటైల్ తీసివేస్తే మీ ముందు నూటికి ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ఉదాహరణకు 40,000 మంది రాశారనుకుంటే, 87.5 పర్సంటైల్ వచ్చిన విద్యార్థి ముందు 12.5 శాతం, అంటే 5,000 మంది ఉంటారు. 55 వచ్చిన విద్యార్థి ముందు 18,000 మంది. ఆ సంఖ్యను రాష్ట్రంలోని సీట్ల పక్కన పెట్టుకుని చూడాలి.

గోదావరి అవతల మహదేవ్‌పూర్ వైపు ఉన్న బంధువుల పిల్లలతో పోల్చుకోవడం మన ఇళ్లలో మామూలే. తెలంగాణలో బీఎస్సీ నర్సింగ్ సీట్లకు ఎప్‌సెట్ ర్యాంకు చూస్తారు. అది 160 మార్కుల పరీక్ష, అందులో జీవశాస్త్రానికే 80. అక్కడి ర్యాంకునూ ఇక్కడి పర్సంటైల్‌నూ పక్కపక్కన పెట్టి ఎవరు మిన్న అని తేల్చే మార్గం లేదు. రెండు వరుసల్లో నిలబడినవారు వేరు, పేపరు వేరు.

అభ్యాసం. పదిమంది మార్కులు: 22, 28, 30, 30, 35, 37, 40, 44, 51, 66. (ఒకటి) 30 మార్కులకు పర్సంటైల్ ఎంత? (రెండు) 50వ పర్సంటైల్ ఎన్ని మార్కుల వద్ద ఉంది? (మూడు) 66 తెచ్చుకున్న విద్యార్థి ఆ రోజు పరీక్షకే రాలేదనుకుంటే 35 మార్కుల పర్సంటైల్ ఏమవుతుంది?

జవాబులు. (ఒకటి) ఆ మార్కులు, అంతకు తక్కువ వచ్చినవారు నలుగురు, కాబట్టి 40. (రెండు) 35 మార్కుల వద్ద. (మూడు) ఇప్పుడు మొత్తం తొమ్మిదిమందే, లెక్కకు వచ్చేవారు ఎప్పటిలాగే ఐదుగురు, కాబట్టి 55.56. 35 తెచ్చుకున్న విద్యార్థి ఒక్క మార్కు కూడా అదనంగా తెచ్చుకోలేదు.