బైకుని మూసిన బాడీ వ్యానులో పంపాలంటే: వ్యాను ఎంపిక నుంచి కట్టు దాకా

వ్యాను మాట్లాడుకునేటప్పుడు అందరూ రెండే అడుగుతారు: బాడీ ఎన్ని అడుగులు, కిరాయి ఎంత. లోపల నేలకి బెల్టులు తగిలించే రింగులున్నాయా అని అడిగేవాళ్ళు వెతికినా దొరకరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పంపాక హైదరాబాదులోనో బెంగళూరులోనో తలుపు తీసేసరికి బండి పక్కకి ఒరిగి, ట్యాంకు సొట్టపడి, క్లచ్ లివరు విరిగి కనిపిస్తే డ్రైవర్ని తిడతారు. చాలాసార్లు తప్పు డ్రైవర్ది కాదు. కట్టు పట్టే చోటే లేని వ్యాను తెచ్చుకోవడం మొదటి తప్పు. సైడ్ స్టాండు మీద నిలబెట్టి నైలాను తాడు చుట్టడం రెండోది.

ఓపెన్ వ్యాను మీద టార్పాలిన్ కప్పితే చాలదా అంటారు. చాలదు. హైవే మీద గాలికి కొట్టుకునే టార్పాలిన్ దారి పొడవునా పెయింటుని ఉప్పుకాగితంలా గీకుతూనే ఉంటుంది. రైల్లో పార్శిల్ వేయాలంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి, గోనె చుట్టించాలి, విజయనగరం జంక్షన్‌కో ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కో మోసుకుపోవాలి, దిగాక మళ్ళీ అక్కణ్ణుంచి ఇంటికి తెచ్చుకోవాలి. ఒక్క బండైతే రైలు నయమే. ఇల్లు మారుతూ సామానుతో పాటు పంపేవాళ్ళకి మూసిన వ్యానే సరి.

ఇంకో మాట. మంచు దేశాల వీడియోల్లో స్నోమొబైళ్ళు (మంచు మీద నడిచే బండ్లు) మోసే మూసిన ట్రైలర్లు చూసి, కారు వెనక అలాంటిదే తగిలించుకుంటామనే కుర్రాళ్ళు ఉంటారు. ట్రైలర్‌కి ఒక లెక్క ఉంది: మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగి కారునే తిప్పేస్తుంది. పైగా దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. మన ఊరి వీధుల్లో దాన్ని రివర్స్ చేయడం మరో తలనొప్పి. ఒగ్గేయండి.

1. కొలతలు

కొలిచేది లోపల. కంపెనీ చెప్పే బాడీ పొడవు వేరు, రేకు కట్టి, ప్లైవుడ్ వేసి, తలుపులు బిగించాక మిగిలేది వేరు. టాటా ఏస్ గోల్డ్ డెక్కు 2,200 మి.మీ. పొడవు, 1,490 మి.మీ. వెడల్పు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పొడవు 2,145. కాగితం మీద 55 మి.మీ. మిగులుతుంది గానీ, ముందు గోడ రేకు, తలుపు మందం కలిపితే అది హరించుకుపోతుంది. వెనక మడ్‌గార్డు తలుపుకి ఆనుకుంటే ప్రతి గతుకుకీ ఒక దెబ్బ. అదే స్ప్లెండర్ ప్లస్ పొడవు 2,000, ఏస్‌లో నిక్షేపంగా పడుతుంది. బుల్లెట్టుకి టాటా ఇంట్రా వీ30 (డెక్కు 2,690 పొడవు, 1,620 వెడల్పు) లేదా తొమ్మిదడుగుల బొలెరో పికప్పు చూసుకోండి.

ఎత్తు కొలిచేటప్పుడు కప్పు కాదు, తలుపు చట్రం పై పట్టీ చూడాలి. కప్పు కన్నా అది కిందకి ఉంటుంది, తలకి తగిలేదీ అదే. బండిని తోస్తూ మనిషి కూడా లోపలికి నడవాలి కాబట్టి ఆరడుగుల లోపు తలుపు పనికిరాదు. రోలింగ్ షట్టర్ ఉన్న బాడీ నేను ఎవరికీ చెప్పను. చుట్టుకున్న షట్టరు అడుగు ఎత్తు తినేస్తుంది, సందుల్లోంచి దుమ్ము లాగుతుంది. రెండు రెక్కల తలుపు, బయట నిలువు గడియ, అంతే.

2. లోపల ఏం చూడాలి

పట్టపగలు లోపలికెళ్ళి నిలబడి, బయట ఒకర్ని ఉంచి తలుపులు వేయించండి. వెలుతురు కనిపించిన చోటల్లా వాన దిగుతుంది. తీరం వెంబడి తిరిగే బండ్లలో ముందు పోయేది తలుపుల అడుగు అంచు, రబ్బరు బీడింగు వెనక రేకు. వేలితో నొక్కి చూడండి.

చేపలు, రొయ్యలు మోసే ఇన్సులేటెడ్ బాడీ మాత్రం వద్దు, సగం కిరాయికి వచ్చినా వద్దు. నేల ఫైబరు, తడిస్తే టైరు జారుతుంది. రింగులు బిగించడానికి ఇనుము తగలదు. గాలి ఆడదు. ఉప్పునీటి తేమకి గొలుసు, సైలెన్సరు గమ్యం చేరేలోపే తుప్పు రంగు తిరుగుతాయి. పలాస నుంచి జీడిపప్పు అట్టపెట్టెలు మోసే రకం పొడి కంటైనరు దొరికితే పట్టుకోండి. అందులో లేనివి రింగులొక్కటే, అవి పెట్టించుకోవచ్చు.

గాలి కిటికీ పైన ఒక్కటే ఉంటే చాలదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మట్టానే నిలుస్తుంది. నేలకి జానెడు ఎత్తు లోపల కూడా జాలీ ఉండాలి.

నేల విషయానికొస్తే 18 మి.మీ. ప్లైవుడ్ నాకిష్టం. గళ్ళ ఇనప రేకు గట్టిదే గానీ తడిస్తే మనిషే జారతాడు. తప్పనిసరైతే చక్రాల దారిలో రబ్బరు మ్యాట్ వేయండి.

3. రింగులు: వ్యానుకి అసలు పరీక్ష

రింగు అనేది నేల రేకుకి కాదు, కింద అడ్డంగా వెళ్ళే ఇనప దూలానికి, అంటే చానల్‌కి పట్టాలి. 10 మి.మీ. బోల్టు, కింద వాషరు, అదురుకి వదులు కాని నైలాక్ నట్టు. చానల్ అందని చోట, నేల కింద మూడంగుళాల చదరం, 5 మి.మీ. మందం పట్టీ పెట్టి బిగించాలి. రేకుకి కొట్టిన స్క్రూ రింగు చేత్తో లాగితే ఆగుతుంది. గట్టిగా బ్రేకు పడ్డప్పుడు బండి బరువులో 80 శాతం దాకా ముందుకి తోస్తుంది. 195 కిలోల బుల్లెట్టుకి అది 150 కిలోల పైమాటే. స్క్రూ రేకుతో సహా ఊడివస్తుంది. రింగు దగ్గర కాలు పెట్టి రేకు స్ప్రింగులా ఆడుతోందా చూడండి. ఆడితే దాని కింద చానల్ లేనట్టే.

ఇప్పుడు వెడల్పు ఎందుకు ముఖ్యమో చెప్తాను. బెల్టు నేలకి 45 డిగ్రీల వాలులో ఉంటే కిందకీ పక్కకీ సమానంగా పడుతుంది. హెడ్‌లైటు కింద, రెండు ఫోర్కు కాళ్ళనీ కలిపి పట్టే క్లాంపు నేలకి సుమారు 75 సెం.మీ. ఎత్తు. ఏస్ మధ్యలో బండి నిలబెడితే అటూ ఇటూ గోడ దాకా దాదాపు 75 సెం.మీ. ఉంటుంది. లెక్క సరిగ్గా కుదిరింది. అందులోనే రెండు బండ్లు దూర్చారనుకోండి, గోడకీ చక్రానికీ మధ్య 37 సెం.మీ. మిగులుతుంది, బెల్టు దాదాపు నిటారుగా నిలుస్తుంది. పక్కకి పట్టే బలం మూడింట రెండొంతులకి తగ్గిపోతుంది. ఏస్‌లో రెండు బండ్లు వేస్తామనేవాళ్ళకి ఇదే నా జవాబు. రెండు బండ్లుంటే పదడుగుల బొలెరో బాడీ తీసుకుని, ఒకదాని తల ముందుకి, రెండోదాని తల వెనక్కి పెట్టి, గోడకి నడుము ఎత్తులో ఇనప పట్టీ వేయించి, ఒక్కో బండికి అదనంగా ఒక బెల్టు ఆ పట్టీకి కట్టాలి.

4. ఎక్కించడం

ట్యాంకులో పావు వంతుకి మించి ఉండకూడదు. ఎండలో మూసిన బాడీ వేడెక్కి, నిండు ట్యాంకు మూత దగ్గర కక్కుతుంది. పెట్రోలు కాక్ ఉన్న పాత బండ్లకి అది మూసేయండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. అద్దాలు విప్పి సంచిలో పెట్టండి.

బండి ఎక్కించే వాలు బల్ల పొడవు వ్యాను నేల ఎత్తుకి మూడింతలు ఉండాలి. ఎందుకంటే క్లాసిక్ 350 చక్రాల మధ్య 1,390 మి.మీ., కింద ఖాళీ 170. మూడింతల బల్ల మీద, గడప దగ్గర బండి పొట్ట కిందకి 11, 12 సెం.మీ. మెరక వస్తుంది, దాటిపోతుంది. రెండింతల బల్ల మీద 17 దాటుతుంది, పొట్ట గీసుకుని బండి అక్కడే తూగుతూ ఆగుతుంది. అంత పొడవు బల్ల లేకపోతే వ్యానుని రోడ్డు పక్క గట్టుకి వెనక్కి ఆనించండి, ఎత్తే తగ్గిపోతుంది. బల్ల పై కొసని వ్యానుకి కట్టేయాలి. ఇంజన్ మీద ఎక్కించబోతే వెనక చక్రం బల్లని వెనక్కి తన్నేస్తుంది, మూసిన బాడీలో పొగ కూడా. ఇద్దరు తోస్తే చాలు.

5. కట్టు

ఇక్కడ తొందర పడకండి.

బండి సైడ్ స్టాండు మీదా డబుల్ స్టాండు మీదా ప్రయాణం చేయకూడదు. స్టాండు మీద ఉన్న బండిని కిందకి బిగిస్తే ఆ బరువంతా స్టాండు బోల్టు మీద పడి, ఫ్రేముకి వెల్డింగ్ చేసిన చోట వంగుతుంది. బండి రెండు చక్రాల మీదే నిలబడాలి, దాన్ని పట్టి ఉంచేది ముందు షాకబ్జర్ల బిగువు. అందుకే ముందు చక్రం ఎదురు గోడకి లేదా నేలకి బిగించిన చక్రపు దిమ్మకి గట్టిగా ఆనాలి, గేరు ఒకటిలో ఉండాలి.

బెల్టులు నాలుగు. 25 మి.మీ. వెడల్పు చాలు; దాని మీద రాసిన పని భారం చూడండి, తెగే భారం కాదు. పని భారం తెగే భారంలో మూడో వంతే ఉంటుంది. నైలాను తాడు సాగుతుంది, తడిస్తే మరీను. ట్యూబు ముక్కలు ఇక్కడ మాట్లాడొద్దు.

ముందు బెల్టుల కొక్కెం హెడ్‌లైటు కింద క్లాంపుకి పడాలి. హ్యాండిల్ చివరలకి కట్టకండి, గుంజుడికి హ్యాండిల్ తిరిగిపోతుంది. కొక్కేన్ని నేరుగా తగిలించకుండా మెత్తటి గుడ్డ బెల్టు ఉచ్చు వేసి దానికి తగిలించండి. ఉచ్చు కింద బ్రేకు పైపు, క్లచ్ వైరు, కరెంటు వైర్ల కట్ట నలగకుండా వేలు పెట్టి తడిమి చూడాలి. నలిగిన బ్రేకు పైపు ఆ రోజు ఏమీ చెప్పదు.

బిగించే వరస ఇది. బండి సైడ్ స్టాండు మీద ఉండగానే ఎడమ ముందు బెల్టుని, బండి నిటారుకి లేచేంత వదులు మాత్రం ఉంచి తగిలించండి. తర్వాత కుడి బెల్టు లాగితే బండి నిటారుకి లేస్తుంది. అప్పుడు స్టాండు పైకి మడవండి. ఇక బెల్టుని బిగించే పళ్ళ మీట, అంటే రాచెట్, కుడివైపు రెండు నొక్కులు, ఎడమవైపు రెండు నొక్కులు, అలా మార్చి మార్చి. ఇంకొకరు బండి మీద కూర్చుని ముందుకి వాలి నొక్కితే రాచెట్ మీద భారం తగ్గుతుంది.

ఎంత బిగించాలన్నదే అందరూ తప్పే చోటు. బిగించే ముందు, చక్రం ఇరుసు నుంచి క్లాంపు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. క్లాసిక్ 350 ముందు షాకబ్జర్ల ఆట (పైకీ కిందకీ కదిలే మేర) 130 మి.మీ. అందులో నాలుగు, ఐదు సెంటీమీటర్లు కిందకి దిగితే చాలు. తక్కువైతే గతుకులో షాకబ్జరు కిందకి దిగినప్పుడు బెల్టు వదులై కొక్కెం జారిపోతుంది. ఎక్కువైతే, అంటే మొత్తం కూర్చోబెట్టేస్తే, గతుకు తాకిడి తీసుకోవడానికి ఆట మిగలదు. దెబ్బంతా రింగులకీ ఆయిల్ సీళ్ళకీ పోతుంది, దించేసరికి ఫోర్కు కాళ్ళ మీద నూనె కారుతుంటుంది. రాచెట్‌కి బలం ఎక్కువ కాబట్టి తెలియకుండానే మితిమీరుతుంది. ముందువైపు రాచెట్ బదులు గుంజి ఆపే బకిల్ బెల్టు వాడితే చేతి బలానికి మించి బిగియదు. నేనైతే అవే వాడమంటాను.

వెనక బెల్టులు లాగేది వెనక్కి, కొద్దిగా కిందకి. వాటి పని బండి తోక ఎగిరి పక్కకి జరగకుండా చూడటమే. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్ముకో, ఫ్రేముకి బోల్టు చేసిన వెనక పట్టీకో కట్టండి. సైలెన్సరుకీ ఇండికేటరుకీ కాదు. యాక్టివా లాంటి స్కూటర్ల హ్యాండిల్ చుట్టూ ప్లాస్టిక్కే కాబట్టి, ముందు బెల్టు చక్రం పక్క ఫోర్కు కాళ్ళకి వేసి, ప్లాస్టిక్కు తాకే చోట దళసరి గుడ్డ మడత పెట్టాలి.

మిగిలిన బెల్టు తోకల్ని ముడివేయండి, లేకపోతే అదురుకి కొట్టుకుని పెయింటు పోతుంది.

6. దారిలో

బయల్దేరిన పది, పదిహేను కిలోమీటర్లకి ఆపి, తలుపు తీసి, ముందు బెల్టుల్ని వేలితో మీటి చూడాలి. టైర్లు, ఉచ్చులు సర్దుకుని ఒకటి రెండు నొక్కులు వదులు రావడం సహజం. సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్ళేవాళ్ళు సుంకి ఘాట్ ఎక్కే ముందు ఇంకోసారి చూడండి. మలుపుల్లో పక్కకి లాగే భారమంతా అక్కడే మొదలవుతుంది.

మూసిన బాడీకి పక్క గాలి శత్రువు. లోపల ఒక్క బైకుంటే వ్యాను ఖాళీ కిందే లెక్క, నాగావళి వంతెన మీదా మడపాం దగ్గర వంశధార మీదా వేగం తగ్గించండి. తుఫాను హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. దసరా సెలవులకి ఇల్లు మారే నెల కూడా అదే.

కాగితాల్లో బైకు ఆర్‌సీ, ఇన్సూరెన్స్ నకళ్ళు వ్యానులో ఉంచండి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదు. బాడీ తర్వాత కట్టించినదైతే ఆర్‌సీలో ఆ మార్పు ఎక్కిందా అడగండి.

7. దించడం

ముందు సైడ్ స్టాండు దించండి. వెనక బెల్టులు తీయండి. తర్వాత కుడి ముందు బెల్టు. అప్పుడు బండి ఎడమకి, స్టాండు మీదకి వాలుతుంది. ఎడమది ముందు విప్పితే కుడి బెల్టు దాన్ని స్టాండు లేని వైపుకి గుంజి పడేస్తుంది. ఒకరు హ్యాండిల్ పట్టుకుని ఉండగానే రాచెట్ మెల్లగా వదలాలి. దించాక ముందు ఫోర్కు కాళ్ళ చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి నూనె మరక ఉందేమో చూసి, బ్యాటరీ వైరు బిగించి, ముందు బ్రేకు రెండు మూడుసార్లు నొక్కి చూశాకే తాళం తిప్పండి.