ఇజ్రాయెల్–పాలస్తీనా ఘర్షణలో నైతిక బాధ్యతను తూచడం ఎలా

ఇజ్రాయెల్, పాలస్తీనాల ప్రస్తావన వచ్చినప్పుడు మన చర్చలు చాలావరకు ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: తప్పు యూదులదా, అరబ్బులదా? ఈ ప్రశ్నను పక్కన పెట్టనిదే సరైన విచారణ మొదలు కాదని నా అభిప్రాయం. ఒక పని చేయాలా వద్దా అని నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న మనిషికి, అటువంటి మనుషులు నడిపే ప్రభుత్వానికి, సైన్యానికి, సాయుధ సంస్థకు బాధ్యత ఉంటుంది. ఒక జాతిలో పుట్టినంత మాత్రాన ఎవరికీ అది సంక్రమించదు. అందువల్ల మీరు ఏ పక్షం వైపు మొగ్గినా సరే, వాదనకు దిగే ముందు ఒక నిర్దిష్టమైన ఘటనను ఎంచుకుని, అది ఏ రోజున ఎక్కడ జరిగింది, ఆదేశించింది ఎవరు, అమలు చేసింది ఎవరు, ఆపగలిగి ఉండీ ఆపనిది ఎవరు, నష్టపోయింది ఎవరు అన్న వివరాలను విడివిడిగా రాసుకోండి. ఇంత చిన్న పని చేసినా ఆవేశంలో అనబోయిన మాటలు చాలావరకు నిలబడవని మీకే తెలుస్తుంది.

ఈ పద్ధతిని నేర్చుకోవడానికి కఫ్ర్ ఖాసిం ఉదంతాన్ని మించినది నాకు కనిపించలేదు, కనుక దాని దగ్గర కొంచెంసేపు ఆగుదాం. 1956 అక్టోబరు 29న, ఈజిప్టుతో సూయజ్ యుద్ధం మొదలైన రోజున, జోర్డాన్ సరిహద్దుకు దగ్గరలోని అరబ్బు గ్రామాలలో సాయంత్రం అయిదు గంటల నుంచే కర్ఫ్యూ అమలు చేయాలని ఇజ్రాయెల్ సైన్యం నిర్ణయించింది. ఆ గ్రామస్థులు ఇజ్రాయెల్ పౌరులే అయినా అప్పట్లో సైనిక పాలన కింద బతికేవారు. వాటిలో ఒకటైన కఫ్ర్ ఖాసింలో కర్ఫ్యూ సంగతి గ్రామ పెద్దకు అరగంట ముందు మాత్రమే చెప్పారు. పొలాలకు, బయటి పనులకు వెళ్ళినవారికి ఆ కబురు అందే అవకాశం లేదని ఆయన మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. పనులు ముగించుకుని సైకిళ్ల మీద, బండ్ల మీద, లారీలలో ఇళ్లకు తిరిగివస్తున్నవారిని సరిహద్దు పోలీసులు ఊరి మొదట్లోనే ఆపి కాల్చిచంపారు. 49 మంది ప్రాణాలు పోయాయి. వారిలో స్త్రీలు, పిల్లలు కూడా ఉన్నారు.

ఇప్పుడు పైన చెప్పిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా అడగండి. కర్ఫ్యూ వేళను ముందుకు జరిపింది బ్రిగేడ్ కమాండర్ ఇస్సాఖర్ షద్మి. బయట కనిపించినవారిని కాల్చాలన్న ఆదేశాన్ని తన కింది అధికారులకు అందించింది బెటాలియన్ కమాండర్ ష్మూయెల్ మాలింకి. ఊరి దగ్గర కాల్పులు జరిపించింది లెఫ్టినెంట్ గాబ్రియెల్ దహాన్. అదే బెటాలియన్‌కు చెందిన మరికొందరు అధికారులు అదే ఆదేశాన్ని అందుకుని కూడా, పక్క గ్రామాలలో తిరిగివస్తున్నవారిని ఇళ్లకు పోనిచ్చారు. ఈ చివరి వాస్తవం నైతిక విచారణకు ప్రాణం వంటిది. అదే పూట, అదే యూనిఫాంలో, అదే ఆదేశం విన్న మనిషి మరొక విధంగా నడుచుకోగలిగాడంటే, కాల్చినవాడికి వేరే దారి లేదన్న వాదన కూలిపోతుంది.

1958లో ఈ కేసు తీర్పు చెప్పిన న్యాయమూర్తి బెంజమిన్ హలేవీ, నల్లజెండా ఎగిరినంత ప్రస్ఫుటంగా చట్టవిరుద్ధత కనిపించే ఆదేశాన్ని సైనికుడు పాటించకూడదని స్పష్టం చేశారు. మాలింకికి పదిహేడేళ్లు, దహాన్‌కు పదిహేనేళ్లు శిక్ష పడింది. కాని శిక్షలను తగ్గించుకుంటూ పోయి, 1960 నాటికి దోషులందరినీ విడిచిపెట్టారు. షద్మికి పడినది నామమాత్రపు చిల్లర జరిమానా. అంటే, పైనున్నవాడు ఆదేశించాడు గనుక కిందివాడి బాధ్యత తగ్గలేదు, కిందివాడు కాల్చాడు గనుక పైవాడి బాధ్యతా తగ్గలేదు. ఆ తరువాత నేరాన్ని తేలికగా తీసుకున్న రాజ్యం, హత్యాకాండలో పాల్గొనకపోయినా, ఆ తేలికదనానికి తానే జవాబుదారీ అయింది. బాధ్యతను పంచే కొద్దీ ఒక్కొక్కరి వాటా చిన్నదవుతుందని అనుకోవడం ఈ ఘర్షణ గురించిన చర్చలలో నేను తరచుగా చూసే పొరపాటు.

ప్రత్యక్షంగా చేతులు కలపనివారిని తూచడం ఇంతకంటే కష్టం. దానికి 1982 సెప్టెంబరు నాటి సబ్రా, షటీలా శిబిరాల ఉదంతం ఉపయోగపడుతుంది. బీరుట్‌లోని ఆ శిబిరాలలో పాలస్తీనా శరణార్థులను, లెబనాన్ పేదలను వందల సంఖ్యలో, కొన్ని లెక్కల ప్రకారం వేల సంఖ్యలో, చంపినది ఫలాంజిస్టులనే లెబనాన్ క్రైస్తవ మిలీషియా. వారిని శిబిరాలలోకి పోనిచ్చినది మాత్రం ఆ ప్రాంతాన్ని తన అదుపులో ఉంచుకున్న ఇజ్రాయెల్ సైన్యం. ఫలాంజిస్టుల నాయకుడు బషీర్ జెమాయెల్ రెండు రోజుల ముందే హత్యకు గురయ్యాడు కనుక, వారు ప్రతీకారానికి పాల్పడతారని ఊహించడం ఎవరికీ కష్టం కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వమే నియమించిన కహాన్ కమిషన్ 1983 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక ఈ ప్రమాదాన్ని పట్టించుకోకపోవడాన్ని తప్పుగా నిర్ధారించింది, రక్షణ మంత్రి ఏరియల్ షరోన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉందని తేల్చింది. ఆయన ఆ శాఖను వదులుకున్నారు గాని మంత్రివర్గంలోనే కొనసాగారు, 2001లో ప్రధానమంత్రి కూడా అయ్యారు. ఈ నివేదిక నుంచి మనం తీసుకోవలసిన కొలత ఏమిటంటే, ముందుగా ఊహించదగిన హానిని ఊహించి, నివారించే అధికారం చేతిలో ఉండీ నివారించనివాడు కూడా దోషే.

ఆ కొలతను ఒక పక్షానికే వాడితే అది కొలతగా మిగలదు. 2023 అక్టోబరు 7న హమాస్, దానితో కలిసిన ఇతర సాయుధులు దక్షిణ ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా గాజాకు తీసుకుపోయారు. చనిపోయినవారిలో అధికభాగం సాధారణ పౌరులు: ఇళ్లలో ఉన్న కుటుంబాలు, సంగీతోత్సవానికి వచ్చిన యువత, వలస కూలీలు. ఇక్కడ తొలి దోషం చంపినవారిదీ, చంపమని పంపినవారిదీ. పౌరులను చంపడం, బందీలుగా పట్టుకోవడం ఏ విముక్తి పోరాటం పేరుతోనూ సమర్థించదగినవి కావు. దాని తరువాత కహాన్ కమిషన్ కొలతను తీసుకుని చూస్తే, ఇటువంటి దాడికి ఇజ్రాయెల్ ఎంత తీవ్రంగా ప్రతిస్పందిస్తుందో యాహ్యా సిన్వార్ వంటి హమాస్ నాయకులకు ముందే తెలుసు. రక్షణ ఏర్పాట్లు లేని తమ ప్రజలను ఆ మంటలోకి నెట్టిన బాధ్యత కూడా వారి మీద ఉంది.

అయితే ఇక్కడ ఆగిపోయి, కనుక గాజాలో జరిగినదంతా హమాస్ ఖాతాలోకే పోతుందనడం తప్పు. బాంబు వేసే నిర్ణయం వేసినవాడిది, ఆహారం ఆపే నిర్ణయం ఆపినవాడిది. 2023 అక్టోబరు 9న ఇజ్రాయెల్ రక్షణ మంత్రి యోవ్ గాలంట్ గాజాకు విద్యుత్తు, ఆహారం, ఇంధనం ఏదీ అందనివ్వని సంపూర్ణ ముట్టడిని బహిరంగంగా ప్రకటించారు. 2025 మార్చి నుంచి మే వరకు గాజాలోకి సరుకులు పోకుండా మళ్ళీ పూర్తిగా ఆపివేశారు. ఆ ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసే ఆహార భద్రతా నిపుణుల వ్యవస్థ గాజా నగర ప్రాంతంలో కరవు నెలకొన్నదని ప్రకటించింది, ఇజ్రాయెల్ ఆ నిర్ధారణను తోసిపుచ్చింది. ఆకలిని ఆయుధంగా వాడారన్నది సహా పలు ఆరోపణలతో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 నవంబరు 21న ఇజ్రాయెల్ ప్రధానమంత్రి నెతన్యాహు, గాలంట్‌ల మీద అరెస్టు వారంట్లు జారీ చేసింది. అదే రోజున హమాస్ సైనిక నాయకుడు మహమ్మద్ దైఫ్ మీద కూడా జారీ చేసింది. న్యాయస్థానంలో ఆరోపణలు ఇంకా రుజువు కావలసే ఉన్నాయి. కాని ఇరవై లక్షలకు పైగా ఉన్న జనానికి తిండి ఆపుతామని అధికారంలో ఉన్నవారు తమ నోటితో తామే ప్రకటించినప్పుడు, అది నైతికంగా తప్పని చెప్పడానికి తీర్పు వచ్చేదాకా ఎదురుచూడనక్కర లేదు.

ఒకరి నేరం మరొకరి నేరంలో నుంచి తీసివేతకు రాదన్న ఈ సూత్రం యుద్ధ చట్టాలలో స్పష్టంగానే ఉంది. శత్రువు పౌరుల మధ్య దాక్కున్నా, వారిని అడ్డుగా పెట్టుకున్నా, ఆ పౌరుల పట్ల దాడి చేసేవాడి బాధ్యత తొలగిపోదు. దాడి వల్ల వచ్చే సైనిక ప్రయోజనంతో పోలిస్తే పౌరులకు కలిగే హాని మితిమీరకూడదు. అదే విధంగా, ఆక్రమణకు గురైన జనానికి ప్రతిఘటించే హక్కు ఉందన్నంత మాత్రాన ఆక్రమించిన దేశపు పౌరులు దాడికి తగిన లక్ష్యాలు కారు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం బందీలను పట్టుకోవడాన్ని, సామూహిక శిక్షను, ఆక్రమిత భూమిలోకి సొంత ప్రజలను తరలించి స్థిరపరచడాన్ని మూడింటినీ నిషేధించింది. ఈ ఘర్షణలో మీరు ఏ పక్షం మాట వింటున్నా, ఈ మూడింటిలో వారు దేనిని మాట్లాడకుండా దాటవేస్తున్నారో గమనించండి.

చరిత్రను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది తరువాతి చిక్కు. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటును సమర్థిస్తామని బ్రిటన్ చెప్పిన 1917 నాటి బాల్ఫోర్ ప్రకటన నుంచి మొదలుపెట్టేవారు బ్రిటన్‌ను ముందుకు తెస్తారు. 1929 నాటి హెబ్రాన్ నగరపు హత్యాకాండ నుంచి మొదలుపెట్టేవారు అక్కడ హత్యకు గురైన 67 మంది యూదులను గుర్తుచేస్తారు. 1948 నుంచి మొదలుపెట్టేవారు ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఊళ్లు విడవవలసి వచ్చిన నక్బాను చెబుతారు. ఆ తరువాతి దశాబ్దాలలో అరబ్బు దేశాల నుంచి లక్షలాది యూదులు తరలిపోవలసి వచ్చిన సంగతిని ఇంకొకరు ఎత్తుతారు. ఇవన్నీ జరిగినవే. మనం చేయవలసింది వీటిలో ఒకదానిని ఎంచుకోవడం కాదు, కారణాన్ని సమర్థన నుంచి విడదీయడం. 2023 అక్టోబరు 24న భద్రతా మండలిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెర్రస్, హమాస్ దాడులు శూన్యంలో నుంచి పుట్టుకురాలేదని, పాలస్తీనీయులు యాభై ఆరేళ్లుగా ఆక్రమణ కింద నలుగుతున్నారని అన్నారు; ఆ బాధలు ఆ దాడులను సమర్థించలేవనీ, ఆ దాడులు పాలస్తీనీయులకు సామూహిక శిక్షను సమర్థించలేవనీ అదే ప్రసంగంలో అన్నారు. ఇజ్రాయెల్ ఆయన రాజీనామా కోరింది. అయినా మీరు సిద్ధం చేసుకోవలసిన వాక్యాలు సరిగ్గా అటువంటివే, మూడూ కలిపి ఒకే నోట చెప్పగలిగినవి. హెబ్రాన్ ఉదంతంలోనే మరొక సంగతి ఉంది: ఆ రోజున వందలాది యూదులను తమ ఇళ్లలో దాచి కాపాడినది వారి అరబ్బు ఇరుగుపొరుగులే. చరిత్ర అందరినీ ఒకే దిశగా నెట్టినా అందరూ ఒకే విధంగా నడుచుకోలేదు.

ప్రజల మీద మోపే బాధ్యత విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గాజా ప్రజలు హమాస్‌ను ఎన్నుకున్నారు కనుక అనుభవించవలసిందే అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ ఎన్నికలు జరిగింది 2006 జనవరిలో. హమాస్‌కు వచ్చిన ఓట్లు సుమారు 44 శాతం. ఆ తరువాత అక్కడ మరొకసారి చట్టసభ ఎన్నికలు జరగలేదు, 2023 నాటికి గాజా జనాభాలో దాదాపు సగం మంది పద్దెనిమిదేళ్లు నిండనివారు. 2025 మార్చిలో బైత్ లాహియాలో వందలాది ప్రజలు హమాస్‌కు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు కూడా. ఇజ్రాయెలీలందరూ సైన్యంలో పనిచేసినవారే కనుక వారిలో పౌరులే లేరనే వాదన ఇంతే చెడ్డది. శిశువులు, వృద్ధులు, ఆ ప్రభుత్వాన్ని ఎదిరించి వారం వారం ఊరేగిన వేలాది జనం దానికి జవాబు. అయితే ఇద్దరి స్థితీ ఒకటేనని నేను అనను. ఇజ్రాయెల్ పౌరుడికి తన ప్రభుత్వాన్ని మార్చే ఓటు ఉంది. 1967 నుంచి ఆ ప్రభుత్వపు సైన్యం కింద బతుకుతున్న వెస్ట్ బ్యాంక్ పాలస్తీనీయుడికి ఆ ఓటు లేదు, సొంత అధ్యక్షుడిని ఎన్నుకునే అవకాశం కూడా 2005 తరువాత రాలేదు. అధికారంలో ఎవరికి ఎంత పాలు ఉంటే జవాబుదారీతనం కూడా అంత ఉంటుంది. ఇజ్రాయెల్ అధ్యక్షుడు ఐజాక్ హెర్జోగ్ 2021లో కఫ్ర్ ఖాసింకు వెళ్ళి రాజ్యం తరఫున క్షమాపణ కోరారు, అది గౌరవించవలసిన పని. అదే వ్యక్తి 2023 అక్టోబరులో గాజాలో ఒక జాతి మొత్తం బాధ్యురాలని అన్నారు. ఆ రెండో మాటను ఇతరులు తమ జాతి గురించి అన్నప్పుడు యూదులు ఎంత భారీ మూల్యం చెల్లించారో చరిత్రకు తెలుసు.

అంకెల గురించి ఒక చిన్న సూచన. గాజా ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించిన మరణాల సంఖ్య 2025 జులై నాటికి 60,000 దాటింది. ఆ శాఖ సాయుధులను, పౌరులను వేరుచేసి చెప్పదు. ఈ పరిమితిని చెప్పి అంకెను వాడండి, కాని పరిమితిని సాకుగా తీసుకుని అంకెను కొట్టిపారేయకండి.

చివరిగా, తెలుగువారికి ఇందులో పాత్ర ఉందా అన్న ప్రశ్న. కొంత ఉంది. ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్, అదానీ సంస్థ కలిసి నెలకొల్పిన డ్రోన్ల కర్మాగారం 2018 డిసెంబరులో హైదరాబాద్‌లో ప్రారంభమైంది. హెర్మెస్ 900 సైనిక డ్రోన్ల భాగాలను అక్కడ తయారుచేస్తారు. అక్టోబరు 7 తరువాత వెస్ట్ బ్యాంక్ నుంచి వచ్చే లక్షకు పైగా పాలస్తీనా కూలీల అనుమతులను ఇజ్రాయెల్ నిలిపివేసినప్పుడు, ఆ ఖాళీలలో కొన్నింటిని భారతీయ భవన నిర్మాణ కార్మికులతో నింపారు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ వృద్ధులకు సేవలు చేస్తున్నవారు ఎప్పటి నుంచో ఉన్నారు. ఇక్కడ కూడా పై పద్ధతినే పాటించండి. అప్పులు తీర్చుకోవడానికి యుద్ధం జరుగుతున్న దేశానికి వెళ్ళిన కూలీని నిందించడం అన్యాయం. అతడికి ఉన్న ఎంపిక చాలా ఇరుకైనది. ఒప్పందాలు కుదుర్చుకున్న ప్రభుత్వానికి, ఆయుధ భాగాల ఎగుమతికి అనుమతించే అధికారులకు, లాభం పొందే సంస్థలకు ఉన్న ఎంపిక విశాలమైనది. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులను ఆపాలని కోరుతూ వేసిన పిటిషన్‌ను 2024 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు కొట్టివేసింది. విదేశాంగ విధానంలో న్యాయస్థానం జోక్యం చేసుకోజాలదన్నది అది చెప్పిన కారణం. కోర్టు తలుపు మూసుకున్నప్పుడు ఈ ప్రశ్న పార్లమెంటుకు చేరాలి. ఏ సరుకుకు, ఏ షరతుల మీద, ఏ తేదీన ఎగుమతి అనుమతి ఇచ్చారో సభలో అడగమని మీ లోక్‌సభ సభ్యుడికి ఉత్తరం రాయవచ్చు. ఆ ఉత్తరంలో ఇజ్రాయెల్ మీదగాని, హమాస్ మీదగాని ఒక్క విశేషణం కూడా అవసరం లేదు. సరుకు పేరు, కర్మాగారం ఉన్న చోటు, తేదీ, అనుమతి ఇచ్చిన శాఖ రాస్తే సరిపోతుంది.