రికార్డింగ్‌లో మన స్వరం మనకే ఆలస్యంగా వినబడుతుంటే

సమస్య: హెడ్‌ఫోన్ పెట్టుకుని క్లిక్‌కు (లయ కోసం వినిపించే టిక్ టిక్ శబ్దానికి) పాడుతున్నా, వాయిస్తున్నా మన శబ్దం ఒక్క క్షణం వెనకగా చెవికి చేరుతుంది. విజయనగరంలో మా ఇంటి గదిలో ఒక విద్యార్థిని ఆదితాళ వర్ణాన్ని వీణపై రికార్డు చేస్తూ రెండో ఆవర్తానికే వెనకబడింది. హెడ్‌ఫోన్ తీయించి, నేను చేత్తో తాళం వేస్తుంటే ఎక్కడా తప్పలేదు. పనసకర్రతో చేసిన ఆ బొబ్బిలి వీణ నాదం గాలిలో ముందే చెవికి చేరుతుండగా, హెడ్‌ఫోన్‌లో అదే నాదం ఆలస్యంగా వచ్చి ఆమె చేతిని వెనక్కి లాగింది.

కారణం: మైకు అందుకున్న శబ్దం ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) అంకెలుగా మారి, ఒక బఫర్ (ఆ అంకెలు పోగయ్యే తాత్కాలిక నిల్వ) నిండిన తరువాతే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు చేరి, మరో బఫర్ దాటి హెడ్‌ఫోన్‌కు తిరిగి వస్తుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దపు కొలతల) వేగంలో 1024 శాంపిళ్ల బఫర్ అంటే ఒక వైపుకే 21 మిల్లీసెకన్లు, రానూపోనూ సుమారు 43. అంటే పదిహేను మీటర్ల దూరంలో కూర్చున్నవారి వాద్యం వింటున్నట్టే. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అయితే ఆలస్యం ఇంకా పెరుగుతుంది కనుక ఈ పనికి తీగ ఉన్నదే వాడాలి.

పరిష్కారం: విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చే ఏసియో డ్రైవర్‌ను (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను) ఎంచుకుని బఫర్‌ను 128కి తగ్గిస్తే ఒక వైపు ఆలస్యం మూడు మిల్లీసెకన్ల లోపుకు దిగుతుంది. అప్పుడు చిటపటలు వినిపిస్తే ప్రాసెసర్ అందుకోలేకపోతోందని అర్థం. బరువైన ప్లగిన్లను (శబ్దానికి ఎఫెక్టులు జోడించే అదనపు ప్రోగ్రాములను) ఆపి 256కు పెంచాలి.

నా మటుకు బఫర్‌తో కుస్తీ పట్టడం కంటే ఇంటర్‌ఫేస్‌పై ఉండే డైరెక్ట్ మానిటర్ మీటను వేయడమే మేలు; అది మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపుతూనే నేరుగా హెడ్‌ఫోన్‌కూ అందిస్తుంది. అయితే సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్‌ను (మైకు శబ్దాన్ని తిరిగి వినిపించడాన్ని) ఆపడం మరచిపోతే ఒకే స్వరం రెండుసార్లు కలిసి, బిందెలో మాట్లాడినట్టు డొల్లగా వినబడుతుంది.

నేరుగా వచ్చే స్వరం పొడిగా ఉందని పాడేవారు ఇబ్బంది పడితే, మూలస్వరం ఏమాత్రం కలవకుండా రివర్బ్‌ను (కృత్రిమంగా జోడించే ప్రతిధ్వనిని) మాత్రమే కంప్యూటర్ నుంచి వినిపించాలి. గదిలో ప్రతిధ్వని ఎలాగూ కాస్త ఆలస్యంగానే వస్తుంది కాబట్టి, రివర్బ్‌లోని ఆ కొద్ది ఆలస్యాన్ని చెవి తప్పుపట్టదు.