వరిలో యూరియా పైపాటు: సుడిదోమను పెంచకుండా దిగుబడి తీసుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో సార్వా (వానాకాలం) చేలకు సుడిదోమ వల్ల దోమపోటు తగిలిన ప్రతిసారీ ఏ మందు కొట్టాలన్న చర్చే జరుగుతుంది గానీ, అంతకుముందు ఆ చేలో ఎన్ని కట్టల యూరియా పడిందని అడిగేవారు తక్కువ. నత్రజని మోతాదు మించితే మొక్క రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, కాండంలో సిలికా తగ్గి కణజాలం మెత్తబడుతుంది. రసం పీల్చే సుడిదోమకు ఇది బలమైన ఆహారం కాబట్టి తల్లిదోమలు ఎక్కువ గుడ్లు పెడతాయి, పిల్లదోమలు ఎక్కువగా బతుకుతాయి. ఆకుముడత, కాండం తొలుచు పురుగులు కూడా ముదురాకుపచ్చగా, నల్లగా తిరిగిన పైరు మీదే ఎక్కువగా కనిపిస్తాయి.

పైరు నల్లగా ఉంటే పంట బాగున్నట్టేనన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. కానీ అవసరానికి మించిన నత్రజని గింజకు చేరకుండా ఆకుకూ పిలకలకూ పోతుంది. తాలు పెరుగుతుంది, కోతకు ముందు తుపాను గాలి వీస్తే చేను పడిపోతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ తక్కువ నత్రజనితోనే మంచి దిగుబడినిచ్చే రకం, పైగా సుడిదోమను తట్టుకోలేదు; దానికి అదనపు కట్ట వేయడం రెండు విధాలా నష్టమే. ఎండ బాగా కాసే దాళ్వాలో (యాసంగిలో) పైరు ఎక్కువ నత్రజనిని వినియోగించుకోగలదు గానీ, ఆ మోతాదును మబ్బు పట్టి ఉండే సార్వాకు వర్తింపజేయకూడదు.

45 కిలోల యూరియా కట్టలో సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. భూసార పరీక్ష ప్రకారం ఎకరాకు కావలసిన నత్రజనిలో డి.ఎ.పి. ఎరువు ద్వారా అందేదాన్ని ముందు తీసివేసి (అందులో 18 శాతం ఉంటుంది, ఈ లెక్క చాలామంది మరచిపోతారు), మిగిలినదాన్ని యూరియాగా లెక్కగట్టాలి. మొత్తం నత్రజనిని మూడు సమభాగాలుగా దమ్ములో (నాట్లకు ముందు బురద దున్నేటప్పుడు), పిలకల దశలో, అంకురం ఏర్పడే దశలో (కాండం లోపల కంకి రూపుదిద్దుకునేటప్పుడు) అందించాలి. పైపాటుకు (నాటిన తరువాత చేలో చల్లే ఎరువుకు) ముందు నీరు తీసివేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తరువాత మళ్లీ పలుచగా నీరు పెట్టాలి. మురుగు కదలని పల్లపు చేలల్లో ఇది సాధ్యం కాకపోతే, 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి వాడాలి. కాంప్లెక్స్ (పలు పోషకాలు కలిసిన) ఎరువులను పైపాటుగా వేయకూడదు. పొటాష్‌లో సగాన్ని మాత్రం అంకురం దశకు ఉంచుకుంటే కాండం గట్టిపడుతుంది.

పక్క చేనును చూసి యూరియా వేయడం కన్నా ఆకు రంగు పటాన్ని (లేత నుంచి ముదురు వరకు ఆకుపచ్చ రంగులు వరుస సంఖ్యలతో ఉండే పట్టీని) చూసి వేయడం మేలు. చేలో పది దుబ్బులను ఎంచుకొని, పూర్తిగా విచ్చుకున్న పై ఆకు మధ్యభాగాన్ని ఉదయం పూట, మన ఒంటి నీడ ఆకుపై పడేలా నిలబడి, పటంతో పోల్చాలి. నాటు వేసిన వరిలో సాధారణంగా పదింటిలో ఆరు ఆకులు నాలుగో రంగు కన్నా పాలిపోయి ఉంటేనే పైపాటు వేయాలి. లేకపోతే వారం ఆగి మళ్లీ చూడాలి.

నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తూర్పు పడమరలుగా తీయాలి. గట్టు మీద నిలబడి చూస్తే దోమ కనిపించదు. కాలిబాటలోకి దిగి దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటికి కాస్త పైన మొదలు దగ్గర చూడాలి. దుబ్బును తట్టితే గోధుమరంగు దోమలు నీటిపై రాలి, పక్కవాటంగా జరుగుతూ మళ్లీ కాండం ఎక్కుతాయి. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి వాటిని చంపే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను వాడకూడదు. ఈనిక దశలో (కంకి బయటికి వచ్చేటప్పుడు) దుబ్బుకు 20 నుంచి 25 దోమలుంటే యూరియా పూర్తిగా ఆపి, చేను ఆరగట్టి, లీటరు నీటికి 0.6 గ్రాముల పైమెట్రోజిన్ కలిపి, పైరును పాయలుగా విడదీసి, మందు దుబ్బుల మొదళ్లకు తగిలేలా పిచికారీ చేయాలి.