పొద్దున్నే మొరాయించే బండి: బెంగళూరు చలి బయటపెట్టే లోపాలు

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారేసరికి బెంగళూరులో 15 డిగ్రీలు ఉంటుంది. నెల్లూరులోనో విజయవాడలోనో ఒక్క కిక్కుకే పలికిన బండి మారతహళ్లికి వచ్చాక పది కిక్కులు అడుగుతోందంటే చలిని తిట్టుకుంటాం. మంచి ఇంజిన్‌కు 15 డిగ్రీలు ఒక లెక్క కాదు. మన ఊరి ఎండలో దాగిన లోపాన్ని ఇక్కడి చలి బయటపెడుతుంది, అంతే.

చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, గొట్టం గోడలకే అంటుకుపోతుంది. గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమం పలచబడి మండదు. అందుకే చోక్. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: చోక్ లాగి రేజ్ కూడా ఇస్తారు. గాలినీ పెట్రోల్‌నూ కలిపి ఇంజిన్‌కు ఇచ్చేది కార్బ్యురేటర్; చాలా కార్బ్యురేటర్లలో చోక్ అంటే విడిగా పెట్రోల్ దారి తెరిచే చిన్న ప్లంజర్. థ్రాటిల్ (రేజ్) మూసి ఉన్నప్పుడు పుట్టే పీల్చుడుతోనే అది పనిచేస్తుంది. రేజ్ ఇచ్చారా, ఆ పీల్చుడు పడిపోతుంది, చోక్ ఉన్నా లేనట్టే. కాబట్టి చోక్ పూర్తిగా లాగండి, థ్రాటిల్ ముట్టుకోకుండా కిక్ కొట్టండి. అందుకున్నాక అర నిమిషం, మహా అయితే నిమిషం ఆగి చోక్ తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది. స్టాండ్ మీద ఐదు నిమిషాలు వేడి చేయడం కూడా వద్దు. మొదటి కిలోమీటరు నెమ్మదిగా నడిపితే చాలు.

కొట్టీ కొట్టీ పెట్రోల్ వాసన వస్తే ప్లగ్ తడిసిందన్నమాట. చోక్ తీసి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టండి. అయినా పలక్కపోతే ప్లగ్ విప్పి ఆరబెట్టండి.

ఇక అసలు అనుమానితుడు స్లో జెట్, అంటే రేజ్ ఇవ్వనప్పుడు (ఐడిల్‌లో) పెట్రోల్ అందించే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క. వేడెక్కాక కూడా చోక్ తీయగానే బండి ఆగిపోతుంటే దాదాపు అదే. కార్బ్యురేటర్ అడుగు గిన్నె విప్పి, జెట్ తీసి వెలుతురుకు పెట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, పూర్తిగా కనిపించాలి. కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పట్టండి. పిన్నీసుతో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే జెట్ మార్చాల్సిందే.

జెట్ శుభ్రంగా ఉన్నా ఐడిల్ ఎగిరిపడుతుంటే, కార్బ్యురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు బీటలు తీసిందేమో చూడండి. ఇంజిన్ నడుస్తుండగా దాని చుట్టూ కాస్త నీళ్లు చిలకరించండి. శబ్దం మారితే అక్కడ గాలి లాగుతోంది.

గాలి, పెట్రోల్ పాళ్లు మార్చే మిశ్రమం స్క్రూ ముట్టుకునే ముందు అది ఎటు ఉందో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ: లోపలికి తిప్పితే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ: బయటికి తిప్పితే పెరుగుతుంది. రెండూ ఒకటే అనుకుని తిప్పడం వల్లే బళ్లు చెడతాయి. ముందు ఎన్ని చుట్లు ఉందో రాసిపెట్టుకోండి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే పావు చుట్టు చొప్పున తిప్పండి.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఉంది, గాలి సుమారు పదో వంతు పలచన. చెన్నైతో పోలిస్తే లాగుడు కాస్త తగ్గడం సహజం, ఇంజెక్షన్ బండి (కార్బ్యురేటర్ బదులు సెన్సర్ల లెక్కతో పెట్రోల్ చిమ్మేది) అయినా సరే. అది మిశ్రమాన్ని సర్దుకుంటుంది గానీ లేని గాలిని తేలేదు. ఇందుకోసం కార్బ్యురేటర్‌లో మెయిన్ జెట్ (ఎక్కువ రేజ్‌లో పెట్రోల్ ఇచ్చేది) పెద్దది వేయించడం తప్పు: గాలి తగ్గిన చోట పెట్రోల్ పెంచితే లాగుడు ఇంకా పోతుంది.

ఇంజెక్షన్ బండికి చోక్ ఉండదు. తాళం తిప్పి, పంపు గుయ్యిమని ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, థ్రాటిల్ ముట్టుకోకుండా సెల్ఫ్ నొక్కండి. వోల్ట్‌మీటర్ ఉంటే నొక్కినప్పుడు బ్యాటరీ ఎంతకు పడుతోందో చూడండి. 10 వోల్టుల కిందికి జారుతుంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చండి.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తుంటే, కార్బ్యురేటర్ బండికి పెట్రోల్ ట్యాప్ మూసి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది, అది తేమను పీలుస్తుంది. గిన్నెలో నిలవున్న పెట్రోలే తిరిగొచ్చాక స్లో జెట్‌ను మూసేది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తే ట్యాపెట్లు, అంటే వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సన్న సందు, చూపించండి. రాత్రంతా ఆపి ఉన్న ఇంజిన్ మీదే, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు), మాన్యువల్‌లో ఉన్న కొలతకే పెట్టించండి. సందు మూసుకుపోతే వాల్వ్ పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ కారిపోతుంది. టకటక శబ్దం లేదు కదా అని వదిలేయకండి, బిగుసుకున్న ట్యాపెట్ చప్పుడు చేయదు.